పంచదార మీద శిలువ

మా ఇంట్లో పంచదార డబ్బా మూత తీస్తే లోపల శిలువ గీసి ఉండేది. గీసేది మా అమ్మ. పంచదారని చెంచాతో సాపు చేసి, చెంచా కాడతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత. దేవుడి మీద భక్తితో కాదు, నా మీద అనుమానంతో. నేను దొంగతనంగా తీసుకుంటే శిలువ చెదిరిపోతుంది, దొంగ దొరికిపోతుంది. శిలువని అందుకు వాడిన మనిషిని నేను మా అమ్మనొక్కదాన్నే చూశాను.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. అమ్మ మా మిషన్ బడిలో పంతులమ్మ, మా సంఘంలో స్త్రీల కూటాలకి పెద్ద. నాన్న గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజిలో గుమాస్తా. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు చూసుకునే పని. దాన్ని కోల్డ్ స్టోరేజి అని ఎవరూ అనేవాళ్లు కాదు, ఏసీ అనేవాళ్లు. కాయలు ఏసీలో పెట్టాం అనేవాళ్లు. మండుటెండల్లో కూడా హమాలీలు రగ్గులు కప్పుకుని, చెవులకి గుడ్డలు చుట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లు. అలాంటి చోట పనిచేస్తున్నానని మా నాన్నకి కాస్త గొప్ప.

నాకు షుగరు జబ్బు వచ్చినప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నాను. బిందెలు బిందెలు నీళ్లు తాగడం, చిక్కి శల్యమవడం, చివరికి ఒకరోజు క్లాసులోనే ఒరిగిపోవడం. గుంటూరు ఆసుపత్రిలో పెట్టి బతికించారు. ఇక బతికినన్నాళ్లూ రోజూ ఇంజక్షనేనన్నారు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. షుగరంటే బొజ్జలున్న షావుకార్లకి వచ్చే జబ్బు గాని ఎముకల పోగులాంటి పిల్లకి ఎందుకొస్తుందని అడిగారు. చిన్నప్పుడు బెల్లం ఎక్కువ తిని ఉంటుందని వాళ్లే తేల్చేశారు. అంటే జబ్బు వచ్చిన నాడే నేను తిండిపోతునని ఊరు తీర్పు చెప్పేసింది. మిగిలింది ఇంట్లోవాళ్లు.

రోజూ పొద్దున్నే గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే ఒంట్లో షుగరు హద్దులో ఉన్నట్టు. ఆకుపచ్చకి తిరిగితే కొంచెం ఎక్కువ, పసుపైతే ఇంకా ఎక్కువ, ఇటుక ఎరుపు వచ్చిందంటే కొంప మునిగినట్టు. ఇప్పటివాళ్లకి ఇదంతా కథలా ఉంటుంది. అప్పట్లో నా మంచీ చెడూ ఆ గొట్టంలో రంగే చెప్పేది.

ఇంజక్షన్ మందుతో వచ్చిన చిక్కు ఒక్కటే. చల్లగా ఉండాలన్నారు. మా ఊళ్లో ఫ్రిజ్ ఎవరి దగ్గరుంది? అందరూ తలలు పట్టుకుంటే నాన్న మాత్రం నవ్వాడు. "నేను పనిచేసేదెక్కడ?" అన్నాడు. సీసాలన్నీ కలిపి కొని, బిస్కెట్ల రేకు డబ్బాలో సర్ది, ఏసీ తలుపు పక్కనే ఒక అరలో పెట్టాడు. ఒక సీసా అయిపోగానే ఇంకోటి, తడిగుడ్డ చుట్టి క్యారేజి గిన్నెలో పెట్టుకుని తెచ్చేవాడు. ఇంట్లో దాన్ని తడి ఇసక నింపిన కుండలో ఉంచేవాళ్లం. ప్రతి సీసాకీ మిరపకాయల ఘాటు పట్టి ఉండేది. సూది గుచ్చుకునే ముందు నాకు తుమ్ము వచ్చేది. "మా పిల్ల మందు ఏసీలో పడుకుంటుంది, మనమే పెంకుటింట్లో పడుకుంటాం" అని నాన్న నలుగురికీ చెప్పుకునేవాడు.

నిజం చెప్పాలి, ఆ రెండేళ్లూ బాగానే గడిచింది. గొట్టంలో నీలం, లేకపోతే ఆకుపచ్చ. నేను ఒళ్లు చేశాను. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కాను. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో చేరి, అక్కడే హాస్టల్లో ఉండి చదువుకోవాలని నా కోరిక. అది కోరికంటే చాలదు. ఊళ్లో నన్ను చూసిన ప్రతివాళ్లూ "అయ్యో పాపం" అనేవాళ్లు. ఆ మాట వినపడని చోటు నాకు ప్రపంచంలో ఒక్కటే తెలుసు, అది ఆ హాస్టల్. చేర్చుకుంటామన్నారు కూడా. కాకపోతే జబ్బు అదుపులో ఉందని డాక్టరు చెప్పాలన్నారు. నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. "నీలం చూపించు, కాలేజీలో చేరు" అన్నాడు. నేనూ తేలిగ్గానే తీసుకున్నాను.

ఆ ఎండాకాలం మిరపకాయలు విరగకాశాయి. ఏసీలో టిక్కీలు పెట్టడానికి చోటు లేక బయట బండ్లు బారులు తీరాయి. తలుపు తెరిచింది తెరిచినట్టే ఉంటోందని, తలుపు పక్కన నా మందు వేడెక్కిపోతుందని నాన్న బెంగపెట్టుకున్నాడు. ఒకరోజు ఇంటికొచ్చి సంబరంగా చెప్పాడు. డబ్బాని లోపలికంటా తీసుకెళ్లి, నిచ్చెనెక్కి పై వరసలో పెట్టాడట. చల్లదనం వచ్చే గొట్టాలు ఉండేది అక్కడే. వాటి మీద మంచు పేరుకుని ఉంటుందట. ఆ గొట్టానికి ఆనించి పెట్టాడట. "ఇక సూర్యుడి బాబు దిగొచ్చినా నీ మందుని ఏమీ చెయ్యలేడు" అన్నాడు. ఆ మాటకి అమ్మ కూడా ఆయన వంక ఆనందంగా చూసింది. నేనూ చూశాను.

ఆ తర్వాత తెచ్చిన సీసాతోనే గొట్టం పసుపుకి తిరిగింది. వారం తిరగకుండా ఇటుక ఎరుపు.

మొదట ఎండలు కదా అన్నారు. రెండోసారి, మూడోసారి కూడా ఎరుపే వచ్చేసరికి అమ్మ నా వంక చూడటం మానేసి గొట్టం వంక చూడటం మొదలుపెట్టింది. నాకు మళ్లీ దాహం, మళ్లీ నీరసం. కాళ్లు పీకేవి. నాన్న నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు నన్ను ఒక్కటే అడిగాడు. "ఏం తింటున్నావమ్మా?"

"పెట్టిందే తింటున్నానండి."

"మరి ఇట్లా ఎందుకొస్తుంది?"

అది నేను ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. ఆయన నాన్న వైపు తిరిగి మందు ఎక్కడ పెడుతున్నారని అడిగాడు. నాన్న నిటారుగా కూర్చుని, "కోల్డ్ స్టోరేజిలో అండి" అన్నాడు. డాక్టరు ముచ్చటపడిపోయాడు. పల్లెటూళ్లలో మందుని పొయ్యి పక్కన పెట్టి తగలేసుకునే వాళ్లే గాని ఇంత జాగ్రత్త చేసే తండ్రిని చూడలేదన్నాడు. ఇంజక్షన్ మోతాదు సిరంజి మీద ఇంకొన్ని గీతలు పెంచాడు. తర్వాత మరికొన్ని. మందు మంచిదే, తండ్రి మంచివాడే, గీతలు పెరుగుతూనే ఉన్నాయి. మిగిలిన దొంగ ఎవరు? దొంగతిండి ఒప్పుకునేదాకా కాలేజీ మాట ఎత్తొద్దని నాన్న బస్సులోనే చెప్పేశాడు.

పంచదార మీద శిలువ మొదలైంది అప్పుడే. బెల్లం కుండ ఉట్టి మీదకి ఎక్కింది. అటక మీద డబ్బాలకి తాళం పడింది. నేను బడి వైపు వెళ్లొస్తే అమ్మ నా అరచేతులు వాసన చూసేది. పంచదారకి చెమ్మ తగిలి పైపొర జారినా, చీమలు దూరినా శిలువ పాడైపోయేది. ఆ చీమల పాపం కూడా నా ఖాతాలోనే. "ఏమే, ఎవరి దగ్గరే దొంగతనం చేస్తున్నావు? నీ ఒంటికి నువ్వే విషం పెట్టుకుంటున్నావు" అనేది. నేను తినలేదంటే ఏడ్చేది. ఆ ఏడుపే నన్ను చంపేసింది. తిట్టినా బాగుండేది, ఎదురు తిట్టేదాన్ని.

నాకు ఒళ్లు మండేది. కడుపు కాల్చుకుని, నాలుక చంపుకుని, పక్కింట్లో పెళ్లి విందు వాసనకి ముక్కు మూసుకుని బతుకుతుంటే దొంగ అనడం. ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. సీసా ఊపితే లోపల మందు పాలలాగా కలవాలి. అది కలవడం లేదు. విరిగిన పాలలా పలుకులు పలుకులుగా గాజుకి అంటుకుని ఉండేది. అమ్మకి చూపించాను. "తప్పు మందు మీదకి నెడుతున్నావా? ఇంకా గట్టిగా ఊపు" అంది. ఊపాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాను.

కాలేజీలు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. అమ్మకి తోచిన చివరి దారి గుడి. మేం మా చర్చిని గుడి అనే అంటాం. నెలకో ఆదివారం అక్కడ ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరైనా తప్పు చేసి ఒప్పుకోకపోతే వాళ్లకి బల్ల ఆపేస్తారు. తాగివచ్చి పెళ్లాన్ని కొట్టినవాళ్లకీ, ఇంకోడి పెళ్లాంతో పట్టుబడినవాళ్లకీ ఆపేవాళ్లు. మళ్లీ చేరాలంటే సంఘం ముందు నిలబడి ఒప్పుకోవాలి. అమ్మ వెళ్లి మా పాస్టరు అయ్యగారితో చెప్పింది. ఆ నెల నాకు బల్ల ఆగింది. పళ్లెం నా ముందునుంచి పక్కమనిషికి వెళ్లిపోయింది. నాతో పాటు ఆ నెల బల్ల ఆగినవాడు ఇంకొకడే, కల్లు తాగి అన్న తల పగలగొట్టినవాడు.

అయ్యగారు మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు. మా ఇంటికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి మెత్తగా మాట్లాడాడు.

"ఒప్పుకుంటే తేలికైపోతుందమ్మా. దేవుడికి తెలియనిది ఏముంది?"

"దేవుడికి తెలుసు అయ్యగారూ. మీకే చెప్పినట్టు లేడు" అన్నాను.

అమ్మ నా చెంప పగలగొట్టింది. అయ్యగారు వెళ్లిపోయాక నా పక్కన కూర్చుని, కొట్టిన చెంపనే నిమురుతూ చెప్పింది. "ఒక్కసారి ఒప్పుకోవే. మీ నాన్న పట్టు విడుస్తాడు. ఇక తినదని డాక్టరుగారికి నేను మాటిస్తాను. హాస్టల్లో చేరుదువుగాని."

హాస్టల్ పేరెత్తితే ఇక నా దగ్గర ఏం మిగిలింది? తినని బెల్లానికి హాస్టల్ వస్తుందంటే తిన్నానంటే పోలా అనుకున్నాను.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. అబద్ధమైతే మాత్రం చప్పగా చెప్పడం దేనికని బాగా కూర్చుకుని వెళ్లాను. ఉట్టి మీద బెల్లం ఎట్లా దించానో, బడి వెనక కూర్చుని ఎట్లా చప్పరించానో, జీళ్లు ఓణీ కొంగున ఎట్లా ముడేసుకున్నానో చెప్పాను. చెబుతుంటే నిజంగానే నోట్లో నీళ్లూరాయి. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. నా జన్మలో నేను మాట్లాడిన ఏ నిజాన్నీ జనం అంత శ్రద్ధగా వినలేదు. అయ్యగారు ప్రార్థన చేశాడు. సంఘం నన్ను క్షమించింది. అమ్మ నన్ను అందరి ముందూ కావలించుకుంది. జబ్బు వచ్చాక అమ్మ నన్ను కావలించుకోవడం అదే మొదలు.

మర్నాడు పొద్దున గొట్టం ఇటుక ఎరుపు.

అప్పటిదాకా దొంగని మాత్రమే. ఇప్పుడు దేవుడి ముందు మాటిచ్చి తప్పిన దొంగని. నాన్న గొట్టం చూసి, కడిగి, బోర్లించి, "చదువూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇంట్లో పడుండు" అన్నాడు. నా సీటు వేరే పిల్లకి వెళ్లిపోయింది. అమ్మ మాత్రం నా ఒప్పుకోలుని వదల్లేదు. పర్చూరు దాకా ఎక్కడ స్త్రీల కూటం జరిగినా దాన్నే సాక్ష్యంగా చెప్పేది. తర్వాత వచ్చిన ఎరుపు సంగతి చెప్పేది కాదు. నా బెల్లం కథకి ఆమె జీళ్లతో పాటు కజ్జికాయలు కూడా కలిపిందని నాకు తర్వాత తెలిసింది.

వానలు పడ్డాక ఏసీలో యంత్రం చెడిపోయింది. బాగుచేయడానికి టిక్కీలన్నీ అటూ ఇటూ మార్చారు. ఆ గందరగోళంలో నా మందు డబ్బా ఎక్కడ పడిందో దొరకలేదు. ఇంట్లో సీసా అడుగంటింది. నాన్న తిట్టుకుంటూ గుంటూరులో మందుల షాపుకెళ్లి ఒక కొత్త సీసా కొనుక్కొచ్చాడు. దానికి ఘాటు లేదు. ఊపితే పాలలాగా కలిసింది. మర్నాడు శనివారం, అమ్మకి ఒంటిపూట బడి. పొద్దున, పెంచిన గీతల లెక్కనే ఇంజక్షన్ చేసుకున్నాను.

మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి. అమ్మ వంటింట్లో బియ్యం ఏరుతోంది. గుమ్మం పట్టుకుని అడిగాను. "అమ్మా, కాస్త పంచదార పెట్టవే."

అమ్మ తలెత్తి చూసింది. "సిగ్గు కూడా పోయిందన్నమాట. ఇప్పుడు నోటితోనే అడుగుతున్నావు" అంది.

"వణుకొస్తోందమ్మా."

"రాదూ మరి. అలవాటు పడ్డ ప్రాణం."

నేను అలమర వైపు నడిచాను. అమ్మ లేచి డబ్బా అందుకుని గుండెకి ఆనించుకుంది. ఆ డబ్బా, దాని మీద అమ్మ రెండు చేతులు, అంతవరకే నాకు గుర్తుంది.

మిగతాది పక్కింటావిడ చెప్పింది. నేను కిందపడి కొట్టుకుంటుంటే, నా ఒళ్లంతా చెమటతో తడిసిపోవడం చూసి, ఆసుపత్రిలో ఎప్పుడో చెప్పిన మాట అమ్మకి అప్పుడు గుర్తొచ్చిందట. చెమటలు పడితే వెంటనే పంచదార పెట్టాలని. మూత రాక డబ్బాని గోడకేసి కొట్టిందట. నా పళ్ల మధ్య వేలు పెట్టి, చెంప లోపల పంచదార తడిపి తడిపి రుద్దిందట. కళ్లు తెరిచేసరికి నా జుట్టులో, మెడలో, అమ్మ చీర మీద అంతా పంచదారే. డబ్బా పక్కనే పడి ఉంది. శిలువ లేదు. ఈసారి చెరిపింది అమ్మే.

ఆసుపత్రిలో డాక్టరు రెండు సీసాలూ తెప్పించుకుని వెలుతురుకి పట్టి చూశాడు. పాతదాంట్లో పలుకులు, కొత్తదాంట్లో పాలు. నాన్నని అడిగాడు, ఏసీలో ఎక్కడ పెట్టేవాడివని. నాన్న మంచు గొట్టం పక్కన అని చివరికి బయటపెట్టాడు.

"చల్లగా ఉంచమన్నాం గాని గడ్డ కట్టించమనలేదు కదయ్యా. ఒకసారి గడ్డకట్టి కరిగితే ఈ మందు సగం చచ్చిపోతుంది. ఇన్నాళ్లూ పిల్లకి సగం చచ్చిన మందు ఎక్కించావు. దానికి తోడు నేను గీతలు పెంచుకుంటూ పోయాను" అన్నాడు. కనీసం ఆయన తన వంతు తప్పు అంతమాత్రమైనా ఒప్పుకున్నాడు. గీతలు తగ్గించి, తడి ఇసక కుండ చాలు, ఏ ఏసీ అక్కర్లేదని చెప్పి పంపాడు. నాలుగు రోజుల్లో గొట్టం నీలానికి తిరిగింది. నేను ఆ నీలం గొట్టాన్ని పట్టుకుని ఇద్దరి ముందూ నిలబడ్డాను. నాన్న పంచెకి అంటని దుమ్ము దులుపుకుంటూ బయటికి వెళ్లాడు.

అమ్మని అడిగాను. "ఆదివారం గుడిలో చెప్పు. నేను బెల్లం తినలేదని, మందు పాడైందని చెప్పు."

"ఇప్పుడెందుకే అదంతా. సంఘం క్షమించేసిందిగా" అంది.

"చెయ్యనిదానికి క్షమించడమేంటమ్మా?"

"నువ్వే నిలబడి చెప్పావుగా. నేను చెప్పమన్నానా, ఉట్టి, జీళ్లు, కొంగున ముడి? తిననిదానివి అంత చక్కగా ఎట్లా చెప్పావు?"

పది ఊళ్లలో చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఆమె పది ఊళ్లలో తలదించుకోవాలి. నా పరువు ఒక్క గుడిలో పోతే ఆమెది అన్ని గుళ్లలోనూ పోవాలి. ఆ లెక్క ఆమె వేసుకుంది, నాకర్థమైంది. అర్థమైనంత మాత్రాన మంట చల్లారుతుందా?

మరుసటేడు కాలేజీలో సీటు వచ్చింది. ఏడాదంతా నీలం, ఆకుపచ్చలే కాబట్టి నాన్న కాదనలేకపోయాడు. పంపే ముందు రోజు ఆయనే కుమ్మరి దగ్గరికెళ్లి కొత్త కుండ తెచ్చాడు. వాగులో ఇసక జల్లెడ పట్టి నింపాడు. గుంటూరు బస్టాండు నుంచి రిక్షాలో దాన్ని ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాడు. అది ఆయన చెప్పిన క్షమాపణ అనుకోమని నా లోపల ఎవరో అంటూనే ఉన్నారు. నేను అనుకోబోయాను కూడా.

హాస్టల్ వార్డెనుగారు పెద్దావిడ. నా మంచం చూపించింది, కుండకి కిటికీ పక్కన నీడలో చోటు చూపించింది. నాన్న వంగి కుండ దించి, కదలకుండా చుట్టూ ఇటుక ముక్కలు పేరుస్తున్నాడు. అమ్మ వార్డెనుగారిని కాస్త పక్కకి పిలిచింది. గొంతు తగ్గించింది గాని ఆమెది బడిలో అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు.

"కాస్త కనిపెట్టి ఉండండమ్మగారూ. మంచి పిల్లే గాని తీపి దగ్గర చేతివాటం ఉంది. పంచదార డబ్బాలూ అవీ తాళం వేసి పెట్టించండి."

వార్డెనుగారు తలెత్తి నా వంక చూసింది. ఊళ్లో చూసే చూపే. నేను నాన్న వంక చూశాను. వినపడనంత దూరంలో లేడు. ఇటుక ముక్క చేతిలో పట్టుకుని ఒక క్షణం ఆగాడు. తర్వాత దాన్ని కుండ కింద సరిగ్గా ఆనించి, బస్సుకి వేళవుతోందని అమ్మతో అన్నాడు.